బిగించని పిన్ను

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని గుండెల మీద మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆదోనిలో నాకొక చిన్న కొయ్యపని షెడ్డు ఉంది. చెక్క అంచులు తీసే రౌటర్ మిషన్‌ను బల్ల కింద తలకిందులుగా బిగించుకున్నాం. తిరిగే బ్లేడు ఒక్కటే పైకి లేచి ఉంటుంది. తిన్నని చెక్కకైతే ఆనించుకోవడానికి పక్కన పట్టీ ఉంటుంది. వంపు చెక్కకు ఆ ఆసరా లేదు, ఉత్త చేతులతో తిప్పాల్సిందే. అందుకని బ్లేడు పక్కన ఒక ఇనుప పిన్ను ఉంటుంది. చెక్కను ముందు దానికి ఆనించి, మెల్లగా బ్లేడుకు తగిలించి, అది తిరిగే దిక్కుకు ఎదురుగా తోయాలి. పిన్ను కదిలిందా, బ్లేడు చెక్కను లాక్కుంటుంది. చెక్కతో పాటు చేతినీ. నబీకి ఇదంతా నేర్పింది నేనే.

నబీది ఎమ్మిగనూరు. రోజూ బస్సులో పనికి వచ్చేవాడు. నాకంటే చిన్నవాడు, నాకంటే నిదానస్తుడు. ఊయల చెక్కల అంచులు గుండ్రంగా తీయాలంటే అతనే తీయాలి.

ఆ ఏడు ఆయుధపూజకు పిన్ను విప్పి తుడిచి, పసుపు కుంకుమ పెట్టాను. తిరిగి దూర్చేసరికి స్పానర్ పూజలో చేరిపోయింది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పని మొదలుపెట్టేదాకా ముట్టుకోం. చేత్తోనే తిప్పి, రేపు బిగిద్దాంలే అనుకున్నాను. మర్నాడు మరిచిపోయాను. కుంకుమ బొట్టు మరవనివాణ్ణి, ఆ ఒక్క బిగింపు ఎలా మరిచాను?

నబీ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.

అంతవరకు పొరపాటే అనుకోండి. పక్క షెడ్డువాళ్లు అతన్ని ఆటో ఎక్కిస్తుంటే, తలుపులు వేసి వస్తానని నేను లోపలికి వెళ్లాను. ఒరిగిపోయిన పిన్నును నిలబెట్టి స్పానర్‌తో గట్టిగా బిగించాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి అతను అడిగిన మొదటి మాట అదే.

"పిన్ను కదిలినట్టుండె అన్నా. గట్టిగనే ఉండాదా?"

"గట్టిగనే ఉండాది. చూసే వచ్చినా. నువ్వే బ్లేడు తిరిగే పక్కకు తోసినావేమోప్పా."

కట్టు కట్టిన చేయి చూసుకున్నాడు. "అంతే అయ్యుంటాది. తప్పు నాదేలే అన్నా."

ఎందుకన్నాను ఆ మాట? కేసవుతుందనా? షెడ్డు మూతపడుతుందనా? అవేవీ కావు. మంచి పనివాడినన్న పేరు పోతుందని, అంతే.

నబీ మళ్లీ చెక్క ముట్టలేదు. ఎమ్మిగనూరులో బామ్మర్ది బట్టల కొట్లో కూర్చుంటున్నాడు. మొన్న దసరాకు ఎప్పటిలాగే షెడ్డుకు వచ్చాడు. కొత్తగా చేరిన పనివాళ్లకు తన చేయి చూపించి, తనలా తొందరపడొద్దని, అన్న చెప్పినట్టు చేయమని బుద్ధులు చెప్పాడు. నేను టెంకాయ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పలేదు.

అతనికి ఎప్పటికైనా చెబుతానని మాట ఇవ్వను. నా మాట ఏపాటిదో ఇప్పుడు మీకూ తెలుసు. ఇక్కడ రాసుకుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

నబీ, నువ్వు సరిగ్గానే తోసినావప్పా. పిన్ను బిగించనిది నేను.