లెక్కలోకి రానివాణ్ణి

డెబ్బైల నాటి మాట. ఈసారీ ఇంగ్లీషు తప్పితే గేదెలు కాయిస్తానన్నాడు నాన్న. పరీక్షకని జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కి, టాపు లేచిపోయేలా బట్టీ పడుతున్నాను.

"రైస్, వాటర్ అన్‌కౌంటబుల్. మనుషులు కౌంటబుల్."

"మనుషుల్ని లెక్కపెట్టొచ్చా అబ్బాయ్?" అన్నాడు పక్కసీటు తాత. వడ్లు కొలిచేవాడిలా, ఒకటికి బదులు లాభమంటూ, "లాభం, రెండు, మూడు" అని అందరినీ వేలితో లెక్కపెట్టి, నన్ను దాటేశాడు.

"నన్నొదిలేశారేంటండీ?"

"నువ్వు లెక్కలోకి రావులే."

కండక్టరూ నన్ను దాటిపోయాడు. చొక్కా లాగి టికెట్టు తీసుకున్నాను. పరీక్ష హాల్లో పేపర్లు పంచే మేష్టారూ నా బల్ల దాటారు.

"నేనున్నానండీ!" కృష్ణానది అవతలికి వినపడేలా అరిచాను.

పాసయ్యాను. ఇప్పటికీ పెళ్ళిబంతిలో విస్తరి నా ముందు పడేదాకా ఊపిరి బిగబట్టే కూర్చుంటాను.