కోటలో ‘పోయొస్తాం’ అన్నందుకు

దయ్యాలు లేవని నేను ఎవరితోనూ వాదించలేదు. వాటిని తలుచుకునే తీరికే నాకెప్పుడూ లేదు. చదివింది మూడో తరగతి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. పోయినేడు ఆదోనిలో కూతురింటికి వెళ్లాను. కొండమీది పాత కోట దగ్గర సీతాఫలాలు ఊరికే దొరుకుతుంటే బజారులో కొనడమెందుకని, మనవరాలు గౌరిని వెంటబెట్టుకుని పొద్దున్నే ఎక్కాను. దానికి ఆరేళ్లు.

సంచి నిండాక దిగుదాం రమ్మన్నాను. గౌరి పైకప్పు కూలిన ఒక గదివైపు తిరిగి, "పోయొస్తాం పెద్దమ్మా," అంది. లోపలికి తొంగి చూశాను. రాళ్లు, ముళ్లకంప. మనిషి లేదు.

ఆ మాట నేర్పింది నేనే. ఎక్కడినుంచి బయలుదేరినా "పోతాను" అనకూడదని, మరిచిపోతే వెనక్కి పిలిచి మళ్లీ చెప్పించేదాన్ని.

మర్నాటి నుంచి గౌరికి జ్వరం. అన్నం ముట్టదు. చెప్పులు వేసుకుని వాకిట్లో కూర్చునేది. ఏమిటే అని గద్దిస్తే ఒకటే మాట.

"పెద్దమ్మ కాసుకోనుంది అవ్వా. వస్తానని సెప్తి కదా."

మూడో రోజు నీళ్లు కూడా మింగలేదు. ఆసుపత్రిలో సెలైను పెట్టారు. బిడ్డ కళ్లు తెరవడం లేదు.

"పండ్లు ఊరికే వస్తాయని బిడ్డను కొండెక్కిస్తివి గదమ్మా," అంది నా కూతురు.

ఎవరికీ చెప్పకుండా ఆ మధ్యాహ్నమే మళ్లీ ఎక్కాను. అదే గది. ఖాళీ గోడలతో మాట్లాడాలంటే సిగ్గేసింది. అయినా నా నోట ఎన్నడూ రాని మాట అన్నాను.

"మేం పోతాండాం తల్లీ. మళ్ల రాము. బిడ్డ తెలీక అనింది."

గాలి లేదు. కాసేపటికి లోపలినుంచి ఒక ఆడగొంతు, పనిలో ఉండి తలెత్తకుండా అన్నట్టు నిదానంగా వినిపించింది.

"పోయి రాండి."

వెనక్కి చూడకుండా దిగాను. నేను ఆసుపత్రికి చేరేసరికి గౌరి లేచి కూర్చుని బొరుగుల ఉగ్గాని కావాలని అడుగుతోంది. ఇప్పుడు బడికి పోతోంది. కోట ఊసే ఎత్తదు.

విన్నది భ్రమ అని నా కూతురు అంటుంది. కావచ్చు. ఎవరింట్లోనైనా సాగనంపేటప్పుడు అనే మాటే అది. కానీ మేము మళ్లీ రామని చెప్పిన తర్వాత కూడా ‘రాండి’ అంది. ఎందుకన్నదో నాకు ఈనాటికీ తెలియలేదు.