ఏనుగు గుడ్డు

ఆ పిల్లల ఆటల హాల్లో అడుగుపెట్టిన పెద్దవాళ్ళు మొదట చేసే పని చెవులు మూసుకోవడం. పైకప్పు అంటేంత ఎత్తున గొట్టాలు, వలలు, జారుడుబల్లలు. కింద రంగురంగుల బంతుల కొలను, దాని పక్కన ఎగిరే పరుపులు. వాటినిండా బడి పిల్లలు. పిల్లలూ దేవుడూ ఒకటేనని అన్నవాడెవడో గానీ, సెలవురోజున ఆ కొలను ఒడ్డున ఒక్క పూట కూడా నిలబడి ఉండడు. అక్కడ దేవుళ్ళు జుట్లు పట్టుకుని ఈడ్చుకుంటారు. మోకాళ్ళతో కుమ్ముకుంటారు. పళ్ళు దిగేలా కొరికి, అమ్మ కనబడగానే కొరికినవాళ్ళే ముందు ఏడుపు అందుకుంటారు.

ఆ రణరంగానికి కాపలా ఈలక్క. అసలు పేరు జీతమిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసిందంటే పై గొట్టంలో ఉన్నవాడు కూడా తన్నడానికి ఎత్తిన కాలు దించాల్సిందే. మనిషి దిట్టం. ఎడమ చెవి వినబడదు. "ఈ ఉద్యోగానికి అదే నా అర్హత. మీకు రెండు చెవులూ హోరెత్తుతుంటే నాకు ఒక్కటే," అని తోటివాళ్ళతో నవ్వేది.

ఆ చెవి ఎలా పోయిందో మాత్రం నవ్వుతూ చెప్పేది కాదు. చిన్నప్పుడు పిలిస్తే పలకలేదని వాళ్ళ నాన్న అరచెయ్యి బార్లా చాపి చెవి మీద కొట్టాడు. ఆ తర్వాత ఆ వైపు నుంచి ఎవరు పిలిచినా ఆమె పలకలేకపోయింది. పలకనందుకు ఆయన మళ్ళీ కొట్టేవాడు.

పెద్దయ్యాక గోదాములో బస్తాలు మోసింది. అక్కడ మేస్త్రీ ఒకడు తోటి కూలిపిల్ల చెంప పగలగొడితే, ఈలక్క వాడి దవడ విరగ్గొట్టింది. కింద పడ్డాక కూడా ఆపలేదు. నలుగురు పట్టుకుని లాగితే గానీ ఆమె చెయ్యి ఆగలేదు. పని పోయింది. అందుకు ఆమె బాధపడలేదు. ఆ చెయ్యి అచ్చం నాన్న చెయ్యిలాగే లేచిందని మాత్రం చాలాకాలం భయపడింది.

ఆ భయంలోంచి పుట్టిందే ఏనుగు గుడ్డు. వ్యాయామశాలలో ఎవరో పారేయబోతుంటే తెచ్చుకున్న బూడిదరంగు రబ్బరు బంతి అది. గుమ్మడికాయంత ఉంటుంది, ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఆ పేరు పెట్టింది పిల్లలే. కొట్టుకున్న ఇద్దరూ బల్ల మీద కూర్చుని, నాలుగు చేతులతో దాన్ని మోయాలి. కింద పడితే మళ్ళీ మొదలు. కోపాలు చల్లారేదాకా దించడానికి లేదు. "చేతులు ఖాళీగా ఉంటే కదర్రా కొట్టేది!" అనేది ఈలక్క. కాసేపటికి ఇద్దరిలో ఒకడికి నవ్వొచ్చేది, రెండోవాడికి అంటుకునేది. పిల్లలెవరూ లేనప్పుడు, తనకే ఒళ్ళు మండినప్పుడు, ఒంటరిగా ఆమే ఎత్తుకుని నిలబడేది.

ఆమెకు ఇంకో పట్టింపు ఉంది. గేటు దగ్గర పెద్దవాళ్ళు వచ్చి "మావాడు ఏమైనా అల్లరి చేశాడా?" అని అడిగితే "బంగారం!" అని తప్ప ఇంకో ముక్క చెప్పదు. కొత్తలో ఒకసారి ఉన్నమాట చెప్పింది. ఆ తండ్రి అక్కడే, చెప్పులు విడిచే చోట, చేతిలో ఉన్న బూటుతోనే పిల్లాడి వీపు చీరేశాడు. లోపల జరిగింది లోపలే తేలాలి, గేటు దాటకూడదు. ఆ మాట అక్కడి పనివాళ్ళందరికీ తెలుసు, కొత్తగా వచ్చిన మేనేజరుకు తప్ప.

ఆ రోజు బంతుల కొలనులో చారల చొక్కా కుర్రాడొకడు ఓ రెండు జడల పిల్ల ముఖం మీదకొచ్చి గొంతు చించుకుని అరిచాడు. సరదాకే. ఆ పిల్ల వాణ్ణి వెల్లకిలా పడేసి గుండెల మీద ఎక్కి కూర్చుంది.

"నోరు ముయ్యి," అంది మెల్లగా. కొట్టింది. "మూస్తావా, ముయ్యవా?" మళ్ళీ కొట్టింది.

ఈలక్క ఈల వేసింది. ఆ పిల్ల ఆగలేదు. వాడి ముక్కులోంచి రక్తం కారి పసుపు బంతుల మీద పడుతోంది. ఈలక్క నడుముల్లోతు బంతుల్లోకి దూకి, ఆ పిల్లను చంకలో ఇరికించుకుని పైకి లాగింది. పిల్ల ఆమె ముంజేతిని కండ ఊడొచ్చేలా కొరికింది. ఆ నొప్పిని ఈలక్క లెక్క చేయలేదు. ఆమె కళ్ళు ఆ పిల్ల చేతి మీదే ఉన్నాయి. పిల్లలు పిడికిళ్ళతో గుద్దుతారు, గోళ్ళతో రక్కుతారు. ఈ పిల్ల అరచెయ్యి బార్లా చాపి, గురి చూసి, చెవి మీద కొట్టింది.

ఈలోగా కుర్రాడి తల్లి అరుపులకు మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. చేసిన ఘనకార్యం ఏమిటంటే మైకు అందుకోవడం. "రెండు జడలు, నీలం గౌను అమ్మాయి తాలూకు వాళ్ళు వెంటనే రావాలి. మీ పాప వేరే పిల్లాణ్ణి రక్తం వచ్చేలా కొట్టింది." హాలంతా వినబడింది. ఈలక్క చంకలోని పిల్ల ఒక్కసారి బిగుసుకుపోయింది. కొరకడం మానేసింది.

తండ్రి కాఫీ కౌంటరు వైపు నుంచి తాపీగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నవ్వు ముఖం. కుర్రాడి తల్లికి క్షమాపణ చెప్పాడు. మేనేజరుకు చెప్పాడు. చివర పిల్ల వైపు తిరిగి, మెల్లగా, "పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

ఆ మెత్తటి గొంతు ఈలక్క ఇప్పుడే, బంతుల కొలనులో, పిల్ల నోట విని ఉంది. పిల్ల చెయ్యి దానంతటదే లేచి ఎడమ చెవిని మూసింది.

అక్కడి పద్ధతి ప్రకారం పిల్లకీ, వెంట వచ్చిన పెద్దమనిషికీ మణికట్టుకు ఒకే నంబరు పట్టీ కడతారు. పట్టీలు కలిస్తే పిల్లను పంపాలి. ఆయన చెయ్యి చాపి చూపించాడు.

"కలిసిందిగా, పంపించు," అన్నాడు మేనేజరు.

పంపితే ఇంట్లో తలుపు మూసుకున్నాక ఏమవుతుందో ఈలక్కకు తెలుసు. ఆయన మీద చెయ్యి చేసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఉద్యోగం సంగతి అటుంచి, ఒకసారి లేచాక ఆ చెయ్యి ఆగదు. పిల్లను వెనక్కి నెట్టి, వంగి, బల్ల పక్కనున్న ఏనుగు గుడ్డును రెండు చేతులా ఎత్తుకుంది.

"సార్, ఈ పిల్లకి కొట్టడం ఎవరు నేర్పారు?"

"పిల్లలన్నాక కొట్టుకుంటారు. తప్పుకో."

"చెవి మీద కొట్టడం పిల్లలకి పుట్టుకతో రాదు సార్. ఎవరో రోజూ పాఠం చెప్పుండాలి."

ఆయన ముఖం మీది నవ్వు సగానికి తగ్గింది. "జీతానికి పిల్లల్ని కాసేదానివి. నీ హద్దులో నువ్వుండు."

"మా నాన్నా అంతే, ఇంట్లో పులి, వీధిలో పిల్లి." గొంతు పెంచింది. చుట్టూ తల్లులు, తండ్రులు మూగారు. "మీ చెయ్యీ ఇంతమందిలో లేవదులెండి. దానికి తలుపు మూసి ఉండాలి. ఎదురుగా ఉన్నది మీ నడుం దాకా వచ్చే మనిషై ఉండాలి!"

ఆయన చెయ్యి లేచింది. బార్లా చాపిన అరచెయ్యి, సరిగ్గా ఎడమ చెవి మీద. హాలంతా ఆ చప్పుడు విన్నది, ఆ చెవి తప్ప. పోయిన చెవికి కొత్తగా పోయేదేముంది! ఈలక్క కదల్లేదు. రెండో దెబ్బకు పెదవి చిట్లి, రక్తం బంతి మీద బొట్లుబొట్లుగా పడింది. ఆమె వేళ్ళు రబ్బరులోకి దిగిపోయాయి. బంతి వదిలితే ఆ మనిషి దవడ ఎక్కడ విరగాలో కూడా ఆమె చూసుకుంది. వదల్లేదు. మూడో దెబ్బతో పాటు ఆయన గొంతు కూడా లేచింది: "నోరు ముయ్యి! మూస్తావా, ముయ్యవా?"

కుర్రాడి తల్లి తన కొడుకు చెవి వైపు చూసింది. ఆ తర్వాత ఆ రెండు జడల పిల్ల వైపు చూసింది. ఆమె అరుపులు ఆగిపోయాయి.

అప్పుడు మగవాళ్ళు ఆయన మీద పడ్డారు. ఒకణ్ణి పదిమంది కొట్టడానికి లోకంలో ఎప్పుడూ కరువుండదు. ఇస్త్రీ చొక్కా చిరిగింది. ఎవరి బూటు కాలో ఆయన పక్కటెముకల్లో దిగింది. "కొట్టకండి! పిల్ల చూస్తోంది!" అని ఈలక్క నోటి రక్తంతోనే అరిచింది. వాళ్ళు ఆగకపోతే ఈల వేసింది. ఆశ్చర్యం, పెద్దవాళ్ళు కూడా ఎత్తిన కాళ్ళు దించారు. ఈల కోసం ఒక చెయ్యి తీసినప్పుడు బంతి జారబోయింది. కింద నుంచి రెండు చిన్న చేతులు వచ్చి దాన్ని పట్టుకున్నాయి.

పోలీసులు వచ్చేలోగా మేనేజరు తనే కత్తెర తెచ్చి ఆయన మణికట్టు మీది పట్టీ కత్తిరించేశాడు. ఎవరూ అడక్కుండానే తన తప్పు దిద్దుకున్నాడు. ఆ మాత్రం మెచ్చుకోవాలి. బల్ల మీద ఈలక్క, పిల్ల పక్కపక్కన కూర్చుని, నాలుగు చేతులతో బంతి మోస్తూ ఉన్నారు. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళారు. ఫోను చేస్తే పిల్ల తల్లి పనిచేసే చోటు నుంచి అలాగే పరిగెత్తుకుని వచ్చింది. చెవుల మీదుగా గుడ్డ చుట్టుకుని ఉంది. ఈలక్క పక్కన కూలబడి, ఆయాసంతో, అందరు తల్లులూ అడిగే మాటే అడిగింది. "ఏమైనా అల్లరి చేసిందా అండీ?"

బంగారం అనే మాట ఈలక్క నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఆ మాటతో గేటు దాటించిన పిల్లలు ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడ్డారు.

"చేసిందమ్మా. ఒక పిల్లాణ్ణి చెవి మీద కొట్టింది. నోరు ముయ్యి అంటూ కొట్టింది."

తల్లి ఆమె పెదవుల వంకే చూసింది. తర్వాత గుడ్డ కొంచెం వెనక్కి జరిపి, తల పక్కకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టింది.

"ఇటువైపు చెప్పండి అక్కా. ఆ చెవి నాకు వినబడదు."

ఈలక్క అప్పటికే తన కుడి చెవి ఆమె వైపు పెట్టి కూర్చుని ఉంది. బంతి పిల్ల ఒళ్ళో పెట్టి, లేచి, బల్ల చుట్టూ తిరిగి ఆమె కుడిపక్కకు వచ్చి కూర్చుంది. జరిగిందంతా మొదటి నుంచి, ఒక్క దెబ్బ కూడా వదలకుండా చెప్పింది. తల్లి చివరిదాకా విని చెయ్యి చాపింది.

"ఆ పట్టీ నాకు కట్టండి. మేం ఆ ఇంటికి వెళ్ళం."