గుర్వయ్య బావ పోసిన కల్లు

మా గుర్వయ్య బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కల్లు బాగాలేదని ఎవరైనా నోరు జారితే చాలు, "కల్లు మంచిగనే ఉన్నది, నీ నాలుకె బాగలేదు, పో" అని ముఖం మీదే చెప్పి పంపిస్తాడు. మా జంగమ్మ అక్కను చేసుకున్న నాటి నుంచి చూస్తున్నాను, వ్యాపారానికి పనికొచ్చే మనిషి కాదు. చెట్టెక్కడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. ఒకసారి నడుముకు చుట్టిన మోకు జారి పడి తుంటి విరిగినా, నడక సర్దుకోగానే మళ్ళీ అదే చెట్టు ఎక్కాడు. అక్క ఆ రోజు కింద నిలబడి ఏడ్చింది, పైనుంచి ఆయన ఆమెనే తిట్టాడు.

చౌటుప్పల్ నుంచి లోపలికి పోతే వస్తుంది వాళ్ళ ఊరు. ఒకప్పుడు చుట్టూ తాటివనమే. ఇప్పుడు సగం వనం పోయి ప్లాట్ల హద్దురాళ్ళు లేచాయి. మిగిలిన సగంలో బావ వంతు చెట్లు, వాటి కింద ఒక గుడిసె. కల్లు అక్కడే పోస్తాడు కాబట్టి దాన్ని గుర్వయ్య మండువ అంటారు.

చెట్టు మీద నుంచి దించింది దించినట్టే పోయడం బావ పట్టు. నీళ్ళు కూడా కలపడు. మా వైపు కొన్నిచోట్ల కల్లులో నిద్రమందు కలిపే పాడుపని ఉంది. దానికి అలవాటు పడ్డ వాళ్ళకు చెట్టుకల్లు చప్పగా అనిపిస్తుంది. "గుర్వయ్య కల్లు నిషా ఎక్కుతలేదు" అని ఒక్కొక్కరే పక్కూరి మండువకు పోవడం మొదలుపెట్టారు. బావ పంతం బావది. అక్కకే గుబులు, లొట్టి నిండా మిగిలిన కల్లు పులిసిపోతుంటే చూడలేక.

ఆ ఏడు చలికాలంలో బండి మీద ఎవడో వచ్చి, బావను గుడిసె వెనక్కి పిలిచి గుసగుసగా మాట్లాడాడు. వాడి చెయ్యి సంచిలోకి పోవడం అక్క దూరం నుంచి చూసింది. తిట్టి పంపించానన్నాడు బావ. అయితే కొద్దిరోజులకే, పోయినవాళ్ళలో కొందరు తిరిగి వచ్చారు. పక్కూరి మండువను ఆబ్కారీ వాళ్ళు మూయించారు, అందుకే వచ్చారని బావ చెప్పాడు. అక్క మాత్రం నాతో ఒకసారి అంది, "ఏమో తమ్మీ, నాకు భయమైతాంది" అని. నేను కొట్టిపారేశాను.

నాకు భువనగిరిలో కరెంటు సామాన్ల దుకాణం. పక్కనే ముజఫ్ఫర్ కారు పెట్టుకుని కిరాయికి తిప్పుతాడు. ఎండలు మొదలైన రోజుల్లో అతని కారులో పోర్చుగల్ దేశం మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఆమె పేరు తెరేజా, ఆయన జొవాకిం. ఇద్దరికీ తలలు నెరిశాయి. వాళ్ళకు సొంత ద్రాక్షతోట ఉందట, ద్రాక్షసారా వాళ్ళే తీస్తారట. సెలవులకు ఏ దేశం పోయినా గుళ్ళూ గోపురాలూ కాదు, తినేదీ తాగేదీ చేసేవాళ్ళ ఇళ్ళు చూస్తారట. కోట ఎక్కుదామని ముజఫ్ఫర్ అంటే, కిందినుంచే ఒక ఫోటో తీసుకుని, ఇక్కడ తాగేది ఎవరు చేస్తారని అడిగారు. ముజఫ్ఫర్ నా వైపు చూశాడు. నేను బావ పేరు చెప్పాను. గొప్పగానే చెప్పాను.

బావకు ఫోన్ చేసి, నా బండి మీద కారు ముందు దారి చూపిస్తూ పోయాను. మేం చేరేసరికి పొద్దెక్కింది. బావ ఉతికిన ధోతి కట్టుకుని ఉన్నాడు, అంటే భయపడ్డాడన్న మాట. చెట్టెక్కి లొట్టి దించుకొచ్చి, కల్లుగీత వాళ్ళ దేవుడు కాటమయ్య పేరు చెప్పి నాలుగు చుక్కలు నేల మీద వదిలాడు. తాటాకు రేకలు దొన్నెల్లా మడిచి ఇద్దరికీ ఇచ్చాడు. జొవాకిం ఏవో గోలీలు వాడుతున్నాడట, రెండు గుక్కలు తాగి రేక దించేశాడు. తెరేజా మడమల మీద కూర్చుని, రేక అంచు పెదాలకు ఆనించి, తల కొంచెం ఎత్తింది. బావ లొట్టి వంచాడు.

మా దగ్గర రేకలో పోయడానికి ఒక పద్ధతి ఉంది. పోసేవాడు తనంతట తాను ఆపడు. తాగేవాళ్ళే రేక దించాలి, లేదా చెయ్యి అడ్డం పెట్టాలి. ఎత్తిన రేక ఎదురుగా ఉండగా లొట్టి వెనక్కి తీస్తే, నీకు చాల్లే అని చెప్పినట్టు. బావ లాంటి వాడికి అంతకన్నా అవమానం లేదు, అదీ ఇంటికొచ్చిన వాళ్ళ దగ్గర.

ఆమె రేక దించలేదు.

మొదట బావ ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆశ్చర్యపోయాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, గొంతు కదులుతూనే ఉంది. మధ్య మధ్య ఊపిరి తీసుకుని మళ్ళీ రేక ఎత్తుతోంది. అక్క ఉడికించిన బొబ్బర్ల గుడాలు తెచ్చి పక్కన పెట్టి, "జర తిననియ్యరాదు" అంది. బావ ఎట్లా ఆపుతాడు? లొట్టి ఖాళీ అయింది. రెండోది ఎత్తాడు.

"నచ్చినట్టున్నది బావా" అన్నాను నేను.

రెండో లొట్టి సగమయ్యాక ఆమెకు పొలమారింది, రేక చేజారింది. నవ్వుతూ లేచి మొగుడితో ఏదో అంది. రెండడుగులు వేసి, ఎండలో మోకాళ్ళ మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది.

నీళ్ళు చల్లినా లేవలేదు. జొవాకిం ఆమె చెంపలు తట్టుతూ పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఊపిరి ఆడుతోంది, కళ్ళు మాత్రం తెరవడం లేదు. చెట్ల కింద తాగుతున్న వాళ్ళంతా చుట్టూ మూగారు. ఎవడో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. వెనక నుంచి ఒక గొంతు, "మందు పడ్డది, ఇంకేంది" అంది. ఈ ముసలామెకు ఏమన్నా అయితే బావ జైలుకే. ఏమీ కాకపోయినా ఆ మాట ఊరు దాటుతుంది.

ముజఫ్ఫరూ నేనూ ఆమెను కారులో పడుకోబెడుతుంటే, అక్క మిగిలిన కల్లు లొట్టి ఎత్తి పారబోయబోయింది. బావ ఉరికొచ్చి దాని మెడ పట్టుకున్నాడు.

"ఇడువు."

"ఎవరన్న అస్తే ఏం జెప్తవు? పారబొయ్యనియ్యి."

"పారబోస్తే కలిపినోణ్ణయిత. ఇడువు."

లాక్కుని ముందు సీట్లో కూర్చుని, లొట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. దవాఖానకు కల్లు పట్టుకుపోయే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అక్కను బండి మీద ఎక్కించుకుని కారు వెనకే పోయాను. దారిపొడవునా ఆమె నా భుజం వదలలేదు.

భువనగిరిలో దగ్గరున్న దవాఖానలో చేర్చాం. డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఏం తాగింది? అందులో ఏం కలిపారు? దాచకండి, దాస్తే ఆమెకే ప్రమాదం" అంది. ఏమీ కలపలేదని బావ అన్నాడు. ఆమె నమ్మినట్టు లేదు. రక్తం తీయించి లోపలికి పోయింది. లొట్టిని లోపలికి రానివ్వం అన్నారు. బావ దాన్ని పట్టుకుని బయట సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద కూర్చున్నాడు. వాసనకు ఈగలు ముసురుతున్నాయి, తువ్వాల కప్పాడు. కల్లుగీత సంఘం పెద్దమనిషి ఫోన్ చేసి, ఊళ్ళో అందరి నోట్లో మట్టి కొట్టావని అరిచాడు. ఆ అరుపు నాకూ వినిపించింది. బావ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అంతా విన్నాడు.

అక్క వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది.

"నాకన్న నిజం జెప్పు. ఏమన్న కలిపినవా?"

బావ తల ఎత్తాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాల సరిచేసి, గేటు వైపు తిరిగి కూర్చున్నాడు. అక్క మళ్ళీ అడగలేదు. ఆయన చెప్పనూ లేదు. నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఏమీ లేకపోతే లేదని చెప్పడానికేం అనిపించింది.

ఇంతలో జొవాకిం బయటికి వచ్చాడు. చొక్కా అంతా చెమట. లొట్టి చూసి, ఇదెందుకు తెచ్చాడని ముజఫ్ఫర్‌ను అడిగాడు. "చూపెట్టనీకె తెచ్చిండు, ఏం కలపలేదని" అని మాకు వినిపించేలా అని, అదే ఇంగ్లీషులో చెప్పాడు ముజఫ్ఫర్. జొవాకిం వంగి తువ్వాల తీశాడు, వాసన చూశాడు, అరచేతిలోకి కొంచెం వంపుకుని ఒక గుక్క తాగాడు. బావ భుజం మీద చెయ్యి వేసి, మళ్ళీ భార్య దగ్గరికి పోయాడు. వాళ్ళిద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ పిలిచింది. పరీక్షలో నిద్రమందు ఆనవాలు లేదంది. ఖాళీ కడుపు, ఎండ, దానిమీద అంత కల్లు, ఇంకేమీ కాదంది. తెరేజా కళ్ళు తెరిచి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి సిగ్గుపడింది. ముజఫ్ఫర్ అటూ ఇటూ మాట మోశాడు.

"ఎందుకు ఆపలేదని అడుగుతాంది గుర్వయ్యా."

"రేక దించకపాయె, నేనెట్ల ఆపుత? ఆమె ఎందుకు దించలేదంట?"

ఆమె చెప్పింది విని ముజఫ్ఫర్ తల పట్టుకున్నాడు. వాళ్ళ తోటలో ఇంటాయన పోస్తుండగా వద్దనడం మర్యాద కాదట. ఆయనే ఆపాలట. ఎప్పుడు ఆపుతాడా అని ప్రాణం బిగబట్టుకుని తాగిందట. అందరం నవ్వాం. డాక్టరమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వుతో పాటు ఏడుపొచ్చింది, అంత భయం పట్టి ఉంది లోపల. బావ నవ్వలేదు. ఆమెకు దండం పెట్టి బయటికి నడిచాడు.

మర్నాడు అక్క ఎట్లా ఉందోనని పొద్దున్నే ఊరికి పోయాను. మండువ కిటకిటలాడుతోంది. ఎన్నడూ లేనంత జనం, పక్కూళ్ళ బండ్లు కూడా ఉన్నాయి. ఊరు బాగుపడింది, బావను నమ్మారు అనుకుని సంబరపడ్డాను. గుర్వయ్య ముందు ఒకడు రేక పట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతున్నాడు.

"గా ఫారినామె పడిపోయింది సూడు, గా కల్లు పొయ్యి."

"అదే ఇది."

"మా దగ్గర దాస్తవేందే. జర మాకు గూడ పొయ్యరాదు."

ఊ అంటే చాలు. అదే కల్లు పోసి, అవును అదే అని కన్ను కొడితే ఆ జనమంతా ఆయన వాళ్ళే. అక్క గుడిసె వాకిట్లో నిలబడి ఆయన్నే చూస్తోంది. నాకు ఒక్క క్షణం, అనేస్తే పోలేదా అనిపించింది.

"దాంట్ల ఏం లేదు" అన్నాడు బావ, అందరికీ వినపడేలా. "చెట్టుకల్లు. తాగితే తాగున్రి, లేకుంటే పోన్రి."

నవ్వారు. రెండు గుక్కలు తాగి, నిషా లేదని ఉమ్మేసి లేచారు. మంచి సరుకంతా ఫారినోళ్ళకు దాచిపెట్టాడని గొణుక్కుంటూ బండ్లు తిప్పారు. ఎండ ముదిరేసరికి మండువలో మేం ముగ్గురమే మిగిలాం. బావ లొట్లు కడుగుతున్నాడు. అక్క ఆయన దగ్గరికి పోయి నిలబడింది.

"ఇంతమందికి చెప్తివి. నిన్న నేను అడిగితే ఎందుకు చెప్పకపోతివి?"

"వీళ్ళు అడుగుతరని నాకెరుకే" అన్నాడు బావ, లొట్టి బోర్లిస్తూ. "నువ్వు అడుగుతవనుకోలే."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకెప్పుడు అడగ."

"అడిగినవు గద, జంగమ్మా."