పక్కింటి అక్క కూత

నా చిన్నప్పుడు చెన్నూరులో మా పక్కింటి అక్క బీడీలు చుట్టేది. చేతిలో పని ఎంతున్నా, సాయంత్రం కబడ్డీ కూతకు దిగిందంటే మొగపిల్లలు కూడా వెనక్కి జరిగేవాళ్లు. అంత ఊపిరి ఆమెది! నాకేమో అక్క ఓడిపోవడమన్నది ఊహకే అందేది కాదు.

ఒక వానకాలం ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. అందరూ నిమ్మళపడ్డ వారానికి అరికాళ్లు తిమ్మిరెక్కాయన్నది. మరునాడు బీడీకి దారం చుట్టలేకపోయింది. ఆ మరునాడు లేచి నిలబడలేకపోయింది. గాలి సోకిందని వాళ్ల అవ్వ ఒకటే ఏడుపు.

మా వాడ కాంపౌండర్ తాత వచ్చి చూసి, పోతూ పోతూ నన్ను చాటుకు పిలిచాడు.

"అక్కతోని కూత ఆట ఆడు బిడ్డా. ఒక్క ఊపిరిల ఎన్నిసార్లు కబడ్డి అంటదో లెక్కవెట్టి నాకు చెప్పు. గెలిచినోళ్లకు పిప్పరమెంట్లు."

ఆ రోజు అక్క ఇరవై ఆరు సార్లు అన్నది. నేను ఇరవై కూడా దాటలేదని తెగ ఆటపట్టించింది. మరునాటి సాయంత్రం మాత్రం ఎనిమిది దగ్గరే ఆగిపోయింది.

"ఓడిపోయిన కదనే," అన్నది కళ్ల నిండా నీళ్లతో.

నాకు ప్రాణం ఒప్పలేదు. తాత అడిగితే ఇరవై ఆరే అన్నాను, అక్కే గెలిచిందన్నాను. తాత ముఖం తేటపడింది. "అయితే ఫికర్ లేదు, రేపు చూద్దాం," అని రెండు పిప్పరమెంట్లు చేతిలో పెట్టాడు. ఒకటి అక్క నోట్లో పెట్టబోతే వద్దని తల తిప్పుకుంది. రెండూ నేనే తినేశాను.

తెల్లారేసరికి అక్కకు మాట లేదు. కళ్లు మాత్రమే కదులుతున్నాయి. జీపులో పెద్ద దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

దినాలయ్యాక నేను ఏడుస్తూ తాతకు అసలు లెక్క చెప్పాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"జ్వరంతోని కొట్లాడిన ఒంటి బలమే పొరబడి నరాల మీద పడ్డది బిడ్డా. అది కాళ్ల నుంచి ఊపిరిదాకా ఎక్కుతదేమోనని ఆ కూత లెక్క పెట్టించిన. నువ్వు నిజం చెప్పినా అక్క దక్కకపోయేది. అది ఆట కాదని నీకు చెప్పకపోవుడు నాదే తప్పు," అన్నాడు.

ఆ మాట నిజమో, నన్ను ఓదార్చడానికి అన్నాడో, ఈ వయసులోనూ నాకు తేలలేదు.

మొన్న మా మనవరాలు జ్వరం తగ్గిన వారానికి కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నది. దవాఖానకు ఆటో పిలిపించి, అది వచ్చేలోపు ఒక్క ఊపిరిలో కబడ్డీ అనమన్నాను.

"ఆటనా నానమ్మా?" అని నవ్వింది.

"ఆట కాదు బిడ్డా. ఎంతొస్తె అంతే అను," అన్నాను.

పిల్ల మొదలుపెట్టింది. ఎనిమిది దాటేదాకా నేను ఊపిరి పీల్చలేదు.