ఎడమచేతి బ్రేకు

మా ఆయన కోటయ్య స్వర్గస్థులయ్యారు. ఇవాళ్టికి పదహారు రోజులు. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల ముందే, పట్టపగలు, కొత్త సైకిలు మీంచి ముందుకు ఎగిరిపడి పోయాడు. కరివేపాకు తెస్తానని వెళ్ళిన మనిషి. పోలీసులు తలుపు కొట్టేసరికి పోపు గరిట ఇంకా నా చేతిలోనే ఉంది. నాకు రాయడం సరిగా రాదు. ఇక్కడి వాళ్ళందరూ చదవాలని నేను చెబుతుంటే మా కోడలు లత రాస్తోంది. "స్వర్గస్థులయ్యారు అని మొదలుపెడదామా అత్తయ్యా?" అంది. పెట్టమ్మా, అంతటి మనిషే. ఆ తరవాత మాత్రం నా మాట ఒక్క ముక్క మార్చకు అన్నాను.

పరామర్శకి వచ్చినవాళ్ళ మాటలకి నా ఒళ్ళు మండిపోయింది. "ఆ వయసులో అంకుల్‌కి సైకిలెందుకండీ?" అని ఒకావిడ. "కంట్రోల్ తప్పుంటుంది ఆంటీ, రిఫ్లెక్సెస్ తగ్గిపోతాయి కదా" అని ఒకాయన. హెల్మెట్ పెట్టుకోలేదా అని ఇంకొకరు. పెట్టుకున్నాడు. మెడ విరిగితే హెల్మెట్ ఏం చేస్తుంది? చీరాలలో నలభై ఏళ్ళు సైకిల్ షాపు నడిపిన మనిషికి కంట్రోల్ తప్పిందట! మీ పిల్లల సైకిళ్ళకి చైను ఊడితే, ట్యూబు పంక్చరైతే ఎవరి దగ్గరికి తెచ్చారు? మెట్ల మీద కూర్చుని అన్నీ బాగుచేసి పంపాడే, అప్పుడు కనబడలేదా ఆ వయసు?

ఆయన ఎలాంటివాడో తెలియాలంటే పాత ఎర్ర సైకిలు సంగతి తెలియాలి. మేం చీరాల నుంచి ఈ దేశం వచ్చిన కొత్తలో చెత్త పారేసేచోట దొరికింది. వెనక చక్రం వంకర, సీటు చిరుగులు. వారం రోజులు ఒక్కో పుల్లా బిగించి దాన్ని నిలబెట్టాడు. నిలబెట్టగానే చేసిన పని బ్రేకు తీగలు మార్చడం. మనకి కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి. ఇక్కడ తిరగేసి ఉంటుంది. "ఈళ్ళు కారు స్టీరింగే కాదు సుబ్బులూ, బ్రేకులు కూడా అటూ ఇటూ చేసేశారు" అని నవ్వాడు. దాని మడ్‌గార్డు గలగలలాడేది. అది కూడా బిగించవయ్యా అంటే, "నేనొస్తున్నట్టు నీకు తెలియొద్దా?" అనేవాడు. ఆ గలగల వినబడగానే నేను టీ పెట్టేదాన్ని.

మా అబ్బాయి శ్రీనుకి అది నామోషీ అయింది. ఏదో పార్టీలో "మీ నాన్నగారిది ట్రాష్ ఎడిషన్ బైకా?" అని నవ్వారట. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకి కొత్తది తెచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది. ఒక్క చేత్తో లేపేయొచ్చు. చప్పుడే లేదు, గుమ్మంలోకి వచ్చి దగ్గితే గానీ వచ్చాడని నాకు తెలిసేది కాదు. పాతది నెమ్మదిగా, ఆలోచించుకుని ఆగేది. కొత్తదాని బ్రేకు గట్టిగా పడితే మేకు కొట్టినట్టు నిలబడిపోయేది. మొదటిరోజే ఆయన చీరాల నుంచి తెచ్చుకున్న పానాల సంచి బయటికి తీశాడు.

"నాన్నా, ముట్టుకోకు! వారంటీ పోతుంది."

"ఒరేయ్, బ్రేకులు తిరగబడి ఉన్నాయిరా. మార్చుకుంటాను."

"ఇక్కడ అందరికీ అంతే నాన్నా. అలవాటు చేసుకో."

"నువ్వు చెబితే నేను వింటానురా. ఈ చేతికెవరు చెబుతారు? అరవయ్యేళ్ళ నుంచి ఇలాగే పడుతోంది."

శ్రీను మొహం మాడ్చుకుని లోపలికి పోయాడు.

కొత్త సైకిలు వచ్చిన పన్నెండో రోజు, పార్కింగ్‌లోంచి ఒక కారు చూసుకోకుండా వెనక్కి వచ్చింది. ఆయన ఎప్పట్లాగే ఎడమచేతి బ్రేకు గట్టిగా పట్టాడు. ముందు చక్రం ఠక్కున నిలిచిపోయింది. అంతే. ఆ చెయ్యి ఎప్పుడూ చేసే పనే చేసింది. తప్పు ఆ చేతిది కాదు, ఆ వయసుది కాదు. ఇది పెద్దక్షరాలతో రాయి లతా.

శ్రీను అన్నం ముట్టడం లేదు. "నేనే చంపుకున్నానమ్మా" అంటాడు. పదహారు రోజులుగా నేనూ వాణ్ణే తిడుతున్నాను. తిట్టి తిట్టి గొంతు పోయింది. ఇప్పుడు అందరికీ తెలిసేలా చెబుతున్నాను. పుట్టినరోజు మర్నాడు, వాడు ఆఫీసుకి వెళ్ళాక, బ్రేకులు మార్చేద్దామని ఆయన పానాల సంచి కోసం ఇల్లంతా వెతికాడు. "ఏమే, చూశావా?" అని మూడుసార్లు అడిగాడు. చూడలేదన్నాను. బియ్యం డబ్బాలో దాచింది నేనే. కొడుకు ముచ్చటపడి తెచ్చినదాన్ని విప్పితే తండ్రీకొడుకులకి మాటలుండవని భయపడ్డాను. "ఉండనీవయ్యా, చేతికి అదే అలవాటవుతుంది" అన్నాను. కారు తోలడం రాని మనిషి, వేరే పానాలు కొనుక్కోవాలంటే కొడుకునే అడగాలి. అడగలేదు.

లత చెయ్యి ఆగిపోయింది. రాయమ్మా, ఆపకు. ఇది చదివాక వాణ్ణి అన్నం తినమను.

సంచి ఇంకా ఆ బియ్యంలోనే ఉంది. ఈ సాయంత్రం వాడి చేతిలో పెడతాను. ముందు ఆ నల్లదాని బ్రేకులు మార్చమంటాను. ఎర్రదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. ఏమయ్యా, నీకు దణ్ణం. నీలాంటి పనివాడు ఈ ఊరికి మళ్ళీ రాడు.

ఎర్రది మెట్ల కిందే ఉంది. నిన్న గాలికి దాని మడ్‌గార్డు గలగలలాడింది. నేను లేచి వెళ్ళి టీ పెట్టాను.