నడిమి కర్ర

నా చిన్నప్పుడు, ఉదయగిరి కొండ కింది మా ఇంట్లో ఉన్నది ముగ్గురమే: నాయన, అవ్వ, నేను. నాకు ఊహ తెలియకముందే అమ్మ కన్నుమూసింది. నాయన కొయ్యగరిటెలు చెక్కి, మూట కట్టుకొని, ఊరూరా తిరిగి అమ్మి వచ్చేవాడు. ఆయన బయలుదేరిన ప్రతిసారీ నేనొక కర్రముక్క తీసుకొని, గడచిన దినానికొక గాటు పెట్టేదాన్ని. వాకిట అలికిడి లేని ఆ దినాలలో నాకు తోడు ఆ గాట్లే.

ఒక పర్యాయం ఆయన వెళ్ళి ఏడు దినాలైంది. బడిలో అప్పుడే సగటు కట్టడం నేర్చుకున్నాను. వెనుకటి ప్రయాణాలకు గుర్తుగా దాచుకున్న ఐదు కర్రల గాట్లూ కూడితే ఎనభై. ఐదుతో భాగిస్తే పదహారు. ఇంకా తొమ్మిది దినాలు! కంచం ముందు కూర్చుండి ఏడ్చాను.

గరిటెలను నునుపు చేస్తున్న అవ్వ చేయి ఆపింది. "ఏందే, అన్నంలో కన్నీళ్ళు కలుపుకుంటా ఉండావు? ఉప్పు చాల్లేదా?"

లెక్క చెప్పాను.

"పదారు దినాలకు మీ నాయన ఎప్పుడన్నా వచ్చినాడా?"

రాలేదు. అవ్వ ఆ ఐదు కర్రలనూ గాట్ల వరుసన నేలపై పేర్చింది: ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, నలభైరెండు. చివరిదానిని వేలితో తాకి, "ఇది మీ నాయన కాదే. ఆత్మకూరులో ఆయన్ను పడేసిన జొరం. ఇదొక్కటే నీ లెక్కనంతా తన పక్కకు లాగేసినాది" అన్నది. పది గాట్ల నడిమి కర్రను నా చేతిలో పెట్టింది. "మీ నాయనంటే ఇదీ."

పదవనాడు పొద్దుగూకేదాకా బస్సుల కోసం చూస్తూ నిలుచున్నాను. నాయన దిగలేదు. కర్ర అబద్ధమాడిందని విసరబోయాను.

"అదేమన్నా బస్సు టైమా? ఒక దినం అటో ఇటో. రా, బువ్వ తిందువు" అన్నది అవ్వ.

మరునాటి మధ్యాహ్నం నాయన వచ్చాడు.

ఇప్పుడు వారిద్దరూ లేరు. నా భర్తా లేరు. ఆయన మంచాన పడి వెళ్ళిపోయిన ఆ ఒక్క సంవత్సరం, తలచినప్పుడల్లా, నా బ్రతుకునంతా తనవైపు లాక్కుంటుంది. అన్నీ దుఃఖపు దినాలే అనిపిస్తుంది. అప్పుడు నా ఏండ్లను, తేలికైనదాని నుండి బరువైనదాని దాకా, మనసులో వరుసగా పేర్చుకుంటాను. నడిమిది చేతికి వస్తుంది: ఆయన పత్రిక చదువుతుండగా, ఎదురుగా కూర్చుండి నేను చింతపండులో గింజలు తీస్తున్న, విశేషమేమీ లేని ఒక సంవత్సరం. దానిని పట్టుకొని, ఒక్కదాన్నే భోజనానికి కూర్చుంటాను.